రెండో గొంతు

మా పెద్దమ్మ సుకల్‌దయి అన్నం మానేసి ఆరు రోజులైందన్న సంగతి మా ఆవిడ కౌశిల చెప్పేదాకా నాకు తెలియదు. ఆ సమయానికి నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పెద్దమ్మ పాటలోంచి పెద్దమ్మ దగ్గును కత్తిరించి పారేస్తున్నాను.

కౌశిల వచ్చి నా చెవి మీదున్నదాన్ని పక్కకు లాగింది.

"పెద్దత్త అన్నం ముట్టుకోవడం లేదంట. రాగిజావ తాగి పడుకుంటోందంట."

"పంటినొప్పేమో."

"పళ్ళుంటే కదా నొప్పి! వెళ్ళి కనుక్కో. నీ పాటల గొడవే అయ్యుంటుంది."

నా పాటల గొడవేమిటో ముందు చెప్పాలి. కొండగావ్‌లో సోన్‌సాయ్ అంటే నేనే. పెళ్ళిళ్ళలో కుర్రాళ్ళు ఎగిరే పాటలు చేస్తాను. ఇంటి వెనక ఇప్పపువ్వు దాచుకునే గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, దాన్నే స్టూడియో అంటాను. ఇప్పటికీ ఆ గదిలో ఇప్పపువ్వు వాసన పోలేదు. కొంతమంది పాడటానికి కాదు, ఆ వాసన కోసమే వస్తారని కౌశిల అంటుంది. పన్నెండేళ్ళలో డెబ్బై పాటలు చేశాను. ఒక్కోటి ఒక్క పెళ్ళికాలం బతికింది. నలభై దాటాక ఒకరోజు బస్సులో ఒక పాట వినబడితే, ఎవడిదిరా ఈ చెత్త అనుకున్నాను. రెండో చరణం వచ్చేసరికి అది నాదేనని తెలిసింది. ఆ వారమే నా కీబోర్డు జగదల్‌పూర్‌లో ఒకడికిచ్చి, బదులుగా రెండు మంచి మైకులు తెచ్చుకున్నాను. నిలిచే పని ఒక్కటైనా చెయ్యాలి, ఏ కంపెనీవాడి గుమ్మం ఎక్కకుండా నేనే దాన్ని బయటికి తేవాలి అని పంతం పట్టాను. నిలిచే పాట మా పెద్దమ్మ దగ్గర ఉంది.

పెద్దమ్మ గురుమాయి. మా వైపు ఏ ఊళ్ళో జగార్ అనే పాటల పండగ జరిగినా పదకొండు రోజులు కూర్చుని పాడేది గురుమాయే. మాకు వడ్లంటే మాలఖి, ఆడపిల్ల. జగార్‌లో ఆ పిల్ల పుడుతుంది, పెరుగుతుంది, అలుగుతుంది, ఆఖరి గురువారం నాడు ఆమెకు పెళ్ళవుతుంది. ఊరంతా ఆ పెళ్ళికి చుట్టాలే. ఆ పాటలో ఒక్క ముక్క కూడా ఎక్కడా రాసి లేదు. పెద్దమ్మకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. కుదురు మీద కుండ, కుండ మూతి మీద చేట, చేట మీద విల్లు పెట్టి, గాట్లు కోసిన వెదురుపుల్లతో ఆ విల్లును గీస్తూ పాడుతుంది. కుండ లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఒక చరణం గురుమాయి పాడితే, పక్కన తన కుండతో కూర్చున్న రెండో ఆమె అదే చరణం అందుకుంటుంది. ఆమెను చెలిన్ అంటాం.

ఆరేళ్ళ కిందటి దాకా పెద్దమ్మకు చెలిన్ ఉండేది. పేరు రాయ్‌మతి. ముప్ఫై ఏళ్ళు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పాడారు. ఒకసారి ఒక జగార్‌లో, సరిగ్గా పిల్లనిచ్చే చోట, పెద్దమ్మ ఒక్క ఊపిరి సేపు ఆగింది. మరిచిపోయిందో, గొంతు సర్దుకుంటోందో ఆమెకే తెలియాలి. ఈలోగా రాయ్‌మతి ఆ చరణం తానే పాడేసింది. గురుమాయి పాడకముందు చెలిన్ పాడటమనేది మా వైపు లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ జగార్ పూర్తిచేసింది, కుండ నెత్తిన పెట్టుకుంది, ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఎన్ని పిలుపులు వచ్చినా మోకాళ్ళ నొప్పులని తప్పించుకుంది. రాయ్‌మతి పేరు మాత్రం మళ్ళీ ఆమె నోట రాలేదు.

అందుకే రికార్డింగ్‌కు రమ్మని నేను అడిగినప్పుడు ఆమె వేసిన మొదటి ప్రశ్న, "మరి అందుకునేదెవర్రా?" అని.

"నువ్వే," అన్నాను. "ముందు ఒకసారి పాడు. తర్వాత అది నీ చెవిలో వినిపిస్తాను. దానికి నువ్వే చెలిన్‌లా అందుకో. రెండూ నేను కలిపేస్తాను."

ఆమెకు నమ్మకం కుదరలేదు. మొదటిరోజు ఒక చరణం అలా చేసి వినిపించాను. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి వింది. తర్వాత తన గొంతు తానే తడుముకుంది.

"అందులో పాడుతోంది నేనేనా?"

"నువ్వే పెద్దమ్మా."

"మరి ఇక్కడ కూర్చున్నదెవరు?"

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కానీ యంత్రం ముందు కూర్చున్నప్పుడు నాకు కొమ్ములు మొలుస్తాయి, ఎదుటి మనిషి మొహం కనబడదు.

నాలుగు రోజులు పాడింది. మాలఖి పుట్టింది, పెరిగింది, మగపెళ్ళివాళ్ళు బయల్దేరి ఊరి పొలిమేర దాకా వచ్చారు. నాలుగో రోజు సాయంత్రం నేను మీట నొక్కి, "చాలు పెద్దమ్మా, అయిపోయింది," అన్నాను. అందులోంచి మెరికల్లాంటి ఎనిమిది ముక్కలు ఏరాను. అన్నీ కలిపి నలభై ఎనిమిది నిమిషాలు. ఆరు నిమిషాల ముక్క ఒకటి ముందుగా ఫోన్లలోకి వదిలాను. వచ్చే నెల మూడో ఆదివారం సంతలో ఆల్బమ్ విడుదల అని అందరికీ చెప్పేశాను. మెమరీ కార్డుల పొట్లాల మీదకు అట్టలు కూడా అచ్చు వేయించాను. వాటి మీద పెద్దక్షరాలతో, 'ఆఖరి గురుమాయి సుకల్‌దయి.'

ఆ అట్ట చూపించినప్పుడు ఏం రాశావని అడిగింది. చదివి వినిపించాను.

"ఆఖరిదాన్నా? నాకెవరూ చెప్పలేదే," అంది.

ఇక అన్నం సంగతికొస్తాను. ఆ ఆరో రోజు నేను పెద్దమ్మ ఊరు కుసుమ్‌పదర్ వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కూర్చుని రాగులు చెరుగుతోంది. మనిషి అసలే పుల్ల. ఆరు రోజుల్లో దవడలు లోపలికి పోయాయి.

"ఏంటి పెద్దమ్మా, అన్నం మానేశావంట?"

"పెళ్ళెప్పుడురా?" అంది తలెత్తకుండా.

"ఎవరి పెళ్ళి?"

అప్పుడు తలెత్తింది. ఆ చూపుకు నేను చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాను.

"నాలుగు రోజులు ఎవర్ని పిలిచాన్రా నేను? పిల్ల వచ్చింది. పసుపు రాసుకుంది. మగపెళ్ళివాళ్ళు పొలిమేరలో దిగారు. అప్పుడు నువ్వు మీట నొక్కి, చాలు ఇంటికి పో అన్నావు. ఆ పిల్ల ఎక్కడికి పోవాలి?"

"అది జగార్ కాదు పెద్దమ్మా, రికార్డింగ్."

"నేను పాడింది మాత్రం జగారే. వేరేది నాకు రాదు." చేట కింద పెట్టింది. "పెళ్ళికూతుర్ని నడిరోడ్డు మీద నిలబెట్టి, ఇంటికొచ్చి, ఆ పిల్లనే కుండలో ఉడికించుకుని తినమంటావా? నాకు ముద్ద దిగడం లేదు. నీకెలా దిగుతోంది?"

నాకు బ్రహ్మాండంగా దిగుతోంది. ఆ మాట అనలేదు. ఓపిక తెచ్చుకుని, "సరే, పెళ్ళి కూడా పాడెయ్. మొన్నటిలాగే రెండుసార్లు పాడు, కలిపేస్తాను," అన్నాను.

"పెళ్ళి ఎలా పాడతానురా ఒక్కదాన్నే? పెళ్ళికూతురి తరఫు గురుమాయి, పెళ్ళికొడుకు తరఫు చెలిన్. ఇచ్చేదీ నేనే, పుచ్చుకునేదీ నేనేనా? లోకంలో ఎక్కడన్నా ఉందా?"

నాకు కోపం వచ్చింది. కీబోర్డు పోగొట్టుకున్నాను, అట్టలు అచ్చయ్యాయి, ఊరంతా చాటాను. ఈవిడ చూస్తే పాటలోని పిల్లకు పెళ్ళి కాలేదని పస్తులు పడుకుంటోంది. "ఇష్టం వచ్చినట్టు చేసుకో. ఆల్బమ్ మాత్రం ఆగదు," అని బండి ఎక్కి వచ్చేశాను. దారంతా ఆమెను తిట్టుకున్నాను. ఇంటికొచ్చి కౌశిలతో చెప్పుకుంటే నా పక్షాన ఒక్క మాటైనా అంటుందనుకున్నాను.

"డెబ్బై మూడేళ్ళ మనిషి జావ నీళ్ళతో ఎన్నాళ్ళుంటుంది?" అంది. "నీ కార్డులో పాట ఉంటుంది. పాడినావిడ ఉండదు. అప్పుడు నీ అట్ట మీద రాసింది నిజమవుతుందిలే."

ఆ రాత్రి కంచంలో నా అన్నం నాకే ఎక్కువగా కనబడింది. సగం వదిలేశాను.

మరో మూడు రోజులు బింకం మీద ఉన్నాను. తొమ్మిదో రోజు పొద్దున్నే బండి తీసి బడేఝరీ వెళ్ళాను. రాయ్‌మతి ఇల్లు అక్కడే. చెట్టు కింద చింతకాయలు పోగేసుకుని, కర్రతో కొట్టి గింజలు తీస్తోంది. లావుపాటి మనిషి, నవ్వు మొహం. నన్ను చూడగానే ఆ నవ్వు మాయమైంది.

"రా అబ్బాయ్. మీ పెద్దమ్మ పాట మా కోడలి ఫోన్లో విన్నానులే. బాగా అందుకుంది ఆ చెలిన్. ఎవరో తెలుసుకుందామనుకున్నా."

"పిన్నీ..."

"గురుమాయికి గురుమాయే చెలిన్! భలే పెట్టె తెచ్చావు. ఇక మాలాంటి వాళ్ళు చింతగింజలు తీసుకుంటే సరిపోతుంది."

ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి కూర్చున్న చోటును నేను ఒక్క పూటలో తుడిచేశాను. తుడిచేశానన్న సంగతి కూడా నాకు తట్టలేదు. నేను చేసింది గొప్ప పనితనమని నలుగురికీ చూపించుకున్నాను. సిగ్గేసింది.

"తప్పే పిన్నీ. తెలియక చేశాను. ఇప్పుడు పెళ్ళి పాడాలి. నువ్వొస్తే గానీ కాదు."

"ఆమె పిలిచిందా?"

అబద్ధం చెప్పబోయి ఆగాను. "పిలవలేదు. పెళ్ళి కాలేదని అన్నం ముట్టడం లేదు."

కర్ర గాల్లో ఆగింది. "ఎన్నాళ్ళైంది?"

"తొమ్మిది రోజులు."

రాయ్‌మతి కర్ర దించింది. మళ్ళీ చింతకాయలు కొట్టడం మొదలుపెట్టింది. వస్తాననలేదు, రాననలేదు. కాసేపు నిలబడి, నిలబడి, వెనక్కి వచ్చేశాను.

మూడు రోజుల తర్వాత గురువారం. తెల్లవారుతుండగా కౌశిల నన్ను కుదిపి లేపింది. వాకిట్లో రాయ్‌మతి నిలబడి ఉంది. నెత్తి మీద కుండ, చంకలో చేట, చేతిలో విల్లు. బడేఝరీ నుంచి చీకటితోనే నడిచి బయల్దేరినట్టుంది, కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము.

"మీ పెద్దమ్మను తీసుకురా," అంది. "నేను ఆమె కోసం రాలేదు. పిల్ల కోసం వచ్చానని చెప్పు."

కౌశిల ఆమె కాళ్ళకు నీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళి రాత్రి అన్నం, కూర తెచ్చిపెట్టింది. రాయ్‌మతి కంచం పక్కకు జరిపింది.

"జావ ఉంటే పొయ్యమ్మా."

"అన్నం తిను పిన్నీ, పొద్దంతా పాడాలి."

"కోడలి ఫోన్లో ఆ పాట విన్న రోజు నుంచి నేనూ తినడం లేదు," అంది రాయ్‌మతి. "పిల్లను పిలిచారు. మగపెళ్ళివాళ్ళ తరఫున పలికేదాన్ని నేను. పలకకుండా ఇంట్లో కూర్చుని ఎలా తింటాను?"

ఒకరికొకరు తెలియకుండా, రెండు ఊళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళు ఒకే కారణానికి రాగిజావ తాగుతున్నారు. నేను బండి తాళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పటిదాకా నేను రికార్డు చేస్తున్నది పాట అనుకున్నాను. అది ఎంత పెద్దదో నాకు ఆ క్షణాన కొద్దిగా తెలిసింది, తెలిసి భయమేసింది.

పెద్దమ్మను తెచ్చాను. బండి దిగి రాయ్‌మతిని చూసింది. ఆమె తెచ్చుకున్న కుండ మీద వేలితో కొట్టి చూసింది.

"పాతదేనా?"

"పాతదే అక్కా."

"చేట కొత్తది."

"ఆరేళ్ళలో చేటను చెదలు తినవా?"

అంతే. ఇద్దరూ ఇప్పపువ్వు గదిలోకి వెళ్ళి, వాసన చూసి, బయటికి వచ్చేశారు. పెళ్ళి వాకిట్లోనే జరగాలన్నారు. మేకలున్నాయి, కోళ్ళున్నాయి, రోడ్డు మీద లారీలున్నాయని నేను మొత్తుకున్నాను. "పెళ్ళికి కోళ్ళు కూడా రావాలి," అంది పెద్దమ్మ. మైకులు బయటికి మోసుకొచ్చాను. కౌశిల బుట్టలో వరికంకులు పెట్టి, ఎర్రగుడ్డ కట్టి పెళ్ళికూతుర్ని చేసింది. ఎదురుగా కొబ్బరికాయే పెళ్ళికొడుకు. కుండలు రెండూ కుదుళ్ళ మీదకు ఎక్కాయి. వెదురుపుల్లలు విల్లుల మీద పడ్డాయి.

మొదటి చరణం పెద్దమ్మ పాడింది. రాయ్‌మతి అందుకుంది. నా చేతిలోని హెడ్‌ఫోన్లు కింద పెట్టేశాను. ఇన్నాళ్ళూ నేను కలిపి మురిసిపోయిన ఆ రెండు గొంతులూ ఒక్కటే గొంతు. ఒకే ఊపిరి, ఒకే వయసు, ఒకే బాధ. ఇది వేరు. పెద్దమ్మది సన్నటి గొంతు, అంచు మీద నడుస్తుంది. రాయ్‌మతిది కింద నేల పరిచినట్టు ఉంటుంది. ఆమె ఉందని ఈమె ధైర్యంగా పైకి వెళుతుంది. ఇంత చిన్న సంగతి పన్నెండేళ్ళు చెవులు అద్దెకిచ్చిన నాకు తెలియలేదు.

ఎవరు చెప్పారో తెలియదు, జనం రావడం మొదలైంది. ముందు పక్కింటివాళ్ళు, తర్వాత వీధి, తర్వాత కుసుమ్‌పదర్ నుంచి ట్రాక్టర్ మీద ఆడవాళ్ళు. రికార్డింగ్ చూడటానికి వచ్చారేమోనని నేను వేలు పెదాల మీద పెట్టి అందర్నీ కూర్చోబెట్టబోయాను. నన్నెవరూ పట్టించుకోలేదు. వాళ్ళు పెళ్ళికి వచ్చారు. దోసెడు బియ్యం, పసుపు కొమ్ము, గాజులు, ఒక ముసలాయన అయితే పిల్లకు కాళ్ళు కడగడానికి కంచు చెంబు తెచ్చాడు. మధ్యాహ్నానికి వాకిలి పట్టలేదు. మేక ఒకటి మైకు తీగ నమిలింది. నేను దాన్ని మార్చేలోగా కూడా పాట ఆగలేదు.

ఎండ పడమటికి తిరిగాక పిల్లనిచ్చే చోటు వచ్చింది. పెద్దమ్మ గొంతు అప్పటికి బొంగురుపోయింది. తల్లి పిల్ల తల దువ్వే చరణం పాడింది. రాయ్‌మతి అందుకుంది. ఇక అప్పగింత. పెద్దమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

వెదురుపుల్ల విల్లు మీద తిరుగుతూనే ఉంది. నేను ఆమె మొహం చూశాను. గొంతు సర్దుకోవడం కాదు. ఆమెకు చరణం గుర్తు లేదు. ఆరేళ్ళ కిందట ఆగింది కూడా అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది. రాయ్‌మతి తల దించుకుని తన విల్లు గీస్తూనే ఉంది. ఆ చరణం ఆమెకు తెలుసని మాకు తెలుసు. కానీ పెదాలు బిగించుకుంది. అర నిమిషం, నిమిషం. ఎవరూ దగ్గలేదు. కోళ్ళు కూడా ఎక్కడికో పోయాయి. నా కళ్ళ ముందు రికార్డింగ్ యంత్రం మీద అంకెలు తిరుగుతున్నాయి. రెండు నిమిషాలు దాటింది. ఎర్రగుడ్డ కట్టుకుని పిల్ల వాకిట్లో నిలబడి ఉంది, ఇచ్చేవాళ్ళకు మాట రావడం లేదు.

పెద్దమ్మ మెల్లిగా పక్కకు తిరిగింది.

"ఏమే, నోరు పడిపోయిందా? అందుకో."

"నువ్వు పాడందే ఎలా అందుకుంటానక్కా?" అంది రాయ్‌మతి నేల చూస్తూ. "ఒకసారి అందుకున్నందుకు ఆరేళ్ళయింది."

పెద్దమ్మ కాసేపు విల్లు గీసింది.

"ఆ పెట్టెలో నన్ను నేనే అందుకున్నానే," అంది. "ఏం బాగాలేదు. ఒంటరిగా ఉంది. నాకు గుర్తు రావడం లేదు రాయ్‌మతీ. నువ్వు పాడు. నేను అందుకుంటాను."

రాయ్‌మతి కళ్ళు మూసుకుంది.

*నా చేటలో పెరిగిన పిల్ల, ఇక నీ చేటలోకి దిగుతోంది తల్లీ*
*గింజ రాలకుండా పట్టుకో, పేరు రాలకుండా పట్టుకో*

పెద్దమ్మ అందుకుంది. గురుమాయి చెలిన్ వెనక పాడటం నా జన్మలో చూడలేదు, అక్కడున్న ఎవరూ చూడలేదు. ఆమె గొంతు ఒక్కసారి వణికి, తర్వాత నిలబడింది. వాకిలంతా లేచి నిలుచుంది. నేను కూడా లేచాను. ఏడుస్తున్నానని కౌశిల తర్వాత చెప్పింది. ఆ ముసలాయన కంచు చెంబుతో బుట్ట ముందు నీళ్ళు వదిలాడు. దీపాలు పెట్టేవేళకు పెళ్ళైపోయింది.

కౌశిల ఇద్దరికీ ఒకే విస్తట్లో అన్నం వడ్డించింది. పన్నెండు రోజుల తర్వాత మొదటి ముద్ద. పెద్దమ్మ ముద్ద కలిపి కళ్ళకద్దుకుంది.

"ఉప్పు తక్కువైంది," అంది రాయ్‌మతి.

"పెళ్ళింట్లో వంకలు పెట్టకే," అంది పెద్దమ్మ.

నేను ఆ రికార్డింగ్‌లో ఒక్క దగ్గు కూడా కత్తిరించలేదు. మేక, లారీ, ఆ రెండు నిమిషాల మౌనం, తర్వాతి మాటలు, అన్నీ ఉంచేశాను. పెళ్ళయిన పిల్ల కథ చెప్పుకుంటే దోషం లేదని, మొదటి నాలుగు రోజుల పాటను కూడా ఇద్దరూ కూర్చుని మళ్ళీ పాడారు. నలభై ఎనిమిది నిమిషాల ఆల్బమ్ ముప్ఫై ఒక్క గంటలైంది. ఇంత పొడుగు పాట ఎవడు వింటాడని నా తోటివాళ్ళు నవ్వారు. నవ్వుకోనిచ్చాను. అట్టలు మాత్రం పాతవే వాడాను, వాటి మీద రాయ్‌మతి పేరు చేత్తో రాసి చేర్చాను.

చెప్పిన ఆదివారమే సంతలో విడుదల. ఎండు చేపల వరసకూ కూరగాయల వరసకూ మధ్య బల్ల వేసుకుని, పొద్దున్నే పెళ్ళిరోజు పాట పెట్టాను. ముసలివాళ్ళిద్దరూ బల్ల వెనక గోనెసంచుల మీద చేరగిలబడి, మరమరాలు నములుతూ కూర్చున్నారు. జనానికి వాళ్ళు కనబడరు. "కార్డులో పెళ్ళి పూర్తిగా ఉందా?" అని ప్రతి ఒక్కరూ అడిగారు. ఉందంటేనే తీసుకున్నారు. "వీళ్ళిద్దరూ పోతే ఈ పాట పోయినట్టే, తీసుకోండి," అని నేను అరుస్తూనే ఉన్నాను. నిజంగానే అలా నమ్మాను.

సాయంత్రం నాలుగవుతుండగా అప్పగింత దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ గొంతు ఆగింది. స్పీకర్‌లోంచి విల్లు గీత ఒక్కటే. బేరాలు సద్దుమణిగాయి. వంకాయలమ్మే ఆమె చేతిలో తక్కెడ ఆగింది. అర నిమిషం గడిచింది. తర్వాత ఆ వంకాయలామె, తక్కెడ అలాగే పట్టుకుని, తనలో తాను అన్నట్టుగా పాడింది.

*నా చేటలో పెరిగిన పిల్ల...*

ఎండు చేపల దగ్గర కూర్చున్న ఇద్దరు అందుకున్నారు. కుండలమ్మే అవ్వ అందుకుంది. గాజుల బల్ల దగ్గర బేరమాడుతున్న అమ్మాయిలు, చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి, ఉల్లిపాయల రాశి వెనక నుంచి ఎవరో కనబడని మనిషి. వాకిట్లో గురుమాయి ముందు ఎవరూ నోరు తెరవలేదు, తెరవకూడదు కాబట్టి. ఇక్కడ ఉన్నది పెట్టె. ఎవరి భయమూ లేదు. సంత ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆడవాళ్ళందరికీ ఆ చరణం వచ్చు. ఎన్నో జగార్‌లలో పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, కునికిపాట్లు పడుతూ విన్నవాళ్ళు. మీకు వచ్చా అని వాళ్ళను ఎవరూ అడగలేదు. నేనైతే అసలే అడగలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

వెనక్కి తిరిగి చూశాను. రాయ్‌మతి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ గోనెసంచుల మీద నుంచి లేచి, బల్ల మీద చేతులు ఆనించి నిలుచుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, బోసినోరు నిండా నవ్వు.

"ఆగండే! కాస్త ఆగండి," అని సంతంతా వినబడేలా కేకేసింది. "నన్ను గుర్తు తెచ్చుకోనివ్వండి!"

ఎవరూ ఆగలేదు. నేను జేబులోంచి పెన్ను తీసి, మిగిలిన పొట్లాలు ముందేసుకుని, ఒక్కో అట్ట మీదా 'ఆఖరి' అన్న మొదటి మాట కొట్టేస్తూ కూర్చున్నాను.